ముగ్గురు జెరెమియాలు, ఒక మీసం

సీతాఫల్‌మండి,
3 సెప్టెంబరు 2025

ప్రిసిల్లా వదినకు,

ఇక్కడ అంతా క్షేమం అని రాయడానికి మనసొప్పడం లేదు. నా ఎడమ మోకాలు క్షేమంగా లేదు, పై వాటా వాళ్ళ వాషింగ్ మెషీన్ అంతకన్నా క్షేమంగా లేదు. అది తిరిగినప్పుడల్లా నా వంటింట్లో గిన్నెలు ఆరాధనకు లేచి నిలబడుతున్నాయి. మిగతాదంతా దేవుని దయ.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే మీ ఆయన, అదే మా సామ్యూల్ అన్నయ్య, స్పీకర్ పెట్టి మధ్యలో కూర్చుంటాడు. నేను సగం చెప్పేలోపు మిగతా సగం తనే చెప్పేస్తాడు, అదీ తప్పుగా. మా అమ్మ పెట్టిన నియమమే మేలు. ముఖ్యమైన సంగతైనా, పోట్లాటైనా కాగితం మీదే. స్టాంపు తెచ్చుకునేలోపు సగం కోపం దిగిపోతుందని ఆవిడ లెక్క. ఇది పోట్లాట కాదులే, శుభవార్త.

మన చర్చి వెనక కొత్త హాలు కట్టడం పూర్తయింది. దానికి జెరెమియా హాలు అని పేరు పెడుతున్నారు. 1918లో పెద్ద జ్వరం వచ్చి జనం తలుపులు మూసుకుంటే, గుడి తలుపులు తెరిచిన జెరెమియా. తోపుడుబండి మీద రోగుల్ని తెచ్చి బల్లల మీద పడుకోబెట్టి గంజి పోసిన జెరెమియా. మన చర్చిలో పుట్టిన ప్రతి బిడ్డా విన్న కథే. పోయిన ఆదివారం పాస్టరు అయ్యగారు పుల్పిట్ మీద నుంచి, "ఆ జెరెమియాగారి వంశస్థులు ఎవరైనా మన మధ్య ఉన్నారా?" అన్నారు. ఆయన వాక్యం ముగించకముందే నా చెయ్యి పైకి లేచింది. మోకాలు కూడా సహకరించింది.

అక్టోబరు 26 ఆదివారం హాలు ప్రారంభం. తాత పటం మీద తెర నేనే తీయాలి. వదినా, నీ దగ్గర దాచడమెందుకు, నాకు ఒళ్ళంతా సంతోషంగా ఉంది. మా ఆయన పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు, లెక్కల టీచరమ్మగా రిటైరయ్యాక నన్ను పిలిచే వరస ఏదీ మిగల్లేదు. ఆ తెర తాడు లాగుతున్నప్పుడు నేను ఒకరికి మనవరాలినవుతాను, అందరి ముందు.

కావలసింది ఒక్కటే. తాత పడుచుతనంలో తీయించుకున్న ఫొటో అన్నయ్య ట్రంకు పెట్టెతో పాటు బాపట్ల వచ్చేసింది. నేను దాన్ని చూసి ఎన్నేళ్ళయిందో. వెతికి పంపు. అన్నయ్యతో చెప్పకు, ఊరంతా చెప్తాడు.

నీ ఆడపడుచు,
మేబెల్


బాపట్ల,
10 సెప్టెంబరు 2025

ఆడపడుచు మేబెల్‌గారి సముఖమునకు వదిన విన్నపాలు,

నీ ఉత్తరం చదివి సంతోషించాను. నీ మోకాలికి ఆముదం రాయమని మీ అన్నయ్య అంటున్నారు. అవును, ఆయన చూసేశారు. కవరు మీద నీ అక్షరాలు అంతంత లావున ఉంటే ఎలా దాచను? అయితే కళ్ళలో శుక్లాలు కాబట్టి పైన తారీఖు, కింద నీ సంతకం తప్ప ఏమీ చదవలేకపోయారు. లోపలిది నేను చదివి వినిపించాను, నాకు తోచినట్టు.

నీ శుభవార్త బాగుంది. ఇంతకీ ఆ కథ గుర్తుందా? మన గుడికి మొదట్లో వచ్చిన మిషనరీ దొరగారికి ఒక అలవాటు. ఆదివారం ఏ గ్రంథం చదువుతుంటే ఆ పేరే బాప్తిస్మం బిడ్డకు పెట్టడం. ఒక ఏడు యిర్మీయా గ్రంథం ఎత్తుకున్నారు. తెలుగు బైబిల్లో యిర్మీయా అని ఉన్నా ఆయన నోటికి జెరెమియాయే. అది అసలే పొడుగాటి గ్రంథం. పైగా ఆయన ఆదివారానికి ఒక అధ్యాయం కూడా పూర్తిచేసేవారు కాదట. గ్రంథం ముగిసేదాకా పుట్టిన మగపిల్లలంతా జెరెమియాలే. తర్వాత గుడిలో ఎవరైనా "జెరెమియా" అని పిలిస్తే కుడివైపు బల్లలన్నీ లేచి నిలబడేవట.

మీ అన్నయ్యతో నా పెళ్ళి కుదిరినప్పుడు శుభలేఖ మీద రెండు వైపులా తాత పేరు జెరెమియా అని ఉంటే, అచ్చు తప్పనుకుని ప్రెస్సువాడు ఒకటి తీసేశాడు. ఏ వైపుది తీసేశాడో నీకు గుర్తుంటుంది. నాకైతే బాగా గుర్తుంది.

పోనీలే, అదంతా ఎందుకు. అడిగావు కాబట్టి దీనితో జెరెమియా ఫొటో పంపుతున్నాను. జాగ్రత్తగా వాడుకో.

నీ మేలు కోరే వదిన,
ప్రిసిల్లా


సీతాఫల్‌మండి,
19 సెప్టెంబరు 2025

బంగారంలాంటి వదినకు,

ఫొటో చేరింది. కవరు విప్పి చూడగానే కళ్ళు చెమర్చాయి. ఎంత చక్కని ముఖం. నా గడ్డం అచ్చంగా ఆయనదే.

ఒక్క చిక్కు వచ్చింది. తాత మీసాలు నాకు బాగా గుర్తు. రైల్వే బ్యాండులో బాకా ఊదేవాడు కదా, ఊదినప్పుడల్లా మీసాల చివర్లు పైకి లేచేవి. పిల్లలం బాకా కన్నా మీసాలనే ఎక్కువ చూసేవాళ్ళం. ఈ ఫొటోలో మీసాలు లేవు. మీసాలు పెంచకముందు తీయించుకుని ఉంటాడు. కానీ చర్చిలో ముసలివాళ్ళు మీసం లేకపోతే పోల్చుకోరని విమలమ్మ అంది. విమలమ్మ తెలుసుగా, స్త్రీల సమాజం సెక్రటరీ, ఏ విషయంలోనూ అభిప్రాయం లేకుండా ఉండలేదు.

చిలకలగూడలో ఓంప్రకాశ్ అని ఫ్లెక్సీలు, పటాలు చేసే అతను ఉన్నాడు. ఫొటో చూపించి మీసం సంగతి చెప్పాను. అతను కంప్యూటర్ మీద నుంచి తలెత్తకుండా, "మీసాలా అమ్మా? ఒక్క నిమిషంల పెడ్తా. పోలీసోళ్ళ లెక్క కావాల్నా, పెండ్లికొడుకు లెక్క కావాల్నా?" అన్నాడు. బాకా ఊదేవాళ్ళ లెక్క అన్నాను. అతనికి అర్థంకాక నన్ను ఊది చూపించమన్నాడు. చూపించాను. షాపులో ఉన్నవాళ్ళంతా చూశారు. మొత్తానికి మీసం కుదిరింది. చూస్తే సాక్షాత్తు తాతే, ఇప్పుడే బాకా కింద పెట్టినట్టున్నాడు.

ఆ రోజు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. తాత చెప్పిన కథే ఆయన మాటల్లో చెప్తాను. "జెరెమియా గుడి తలుపులు తీశాడు. జెరెమియా బండి తోశాడు. పోయినవాళ్ళకు గంట కొట్టాడు. ప్రతి పొద్దున గంట మోగేది. ఒక పొద్దున గంట మోగలేదు." అక్కడ ఆపి తాత నెత్తి మీద టోపీ తీసేవాడు. జ్వరం తగ్గిపోయిందన్నమాట, ఇక గంట కొట్టాల్సిన పని లేకపోయింది. తన గొప్ప తాను చెప్పుకోవడం ఇష్టంలేక నేను అనకుండా జెరెమియా, జెరెమియా అంటూ చెప్పేవాడు. ఎంత తగ్గింపు చూడు.

చాలా సంతోషంతో,
మేబెల్

మరిచాను. అక్టోబరు మొదట్లో కమిటీవాళ్ళు తాత సమాధి చూడ్డానికి వస్తారట. ముందే వెళ్ళి శుభ్రం చేయించాలి.


బాపట్ల,
27 సెప్టెంబరు 2025

మేబెల్,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి నవ్వొచ్చి ఆపేశాను. మూడోసారి కోపం వచ్చింది కాబట్టి పూర్తి చేస్తున్నాను.

నీ గడ్డం అచ్చంగా ఎవరిదన్నావో ఆ గడ్డం మా తాతది. కార్ఖానా బస్తీలో రొట్టెల బట్టీ పెట్టి కంటోన్మెంటు దొరలందరికీ రొట్టెలు చేసిపెట్టిన జెరెమియాది. నువ్వు జెరెమియా ఫొటో అడిగావు, నేను జెరెమియా ఫొటో పంపాను. నువ్వు చూడగానే పోల్చుకుని, వదినా ఇదేం కొంటెపని అని రాస్తావనుకున్నాను. నువ్వేమో కళ్ళు చెమర్చి, షాపులో బాకా ఊది, మా తాతకు మీసం పెట్టించావు. ఆయన జన్మలో మీసం పెంచలేదమ్మా, పిండిలో వెంట్రుక పడుతుందని.

ఇక్కడిదాకా నా కొంటెతనం. ఇక నా కోపం వినుకో.

ఆ కథ మా తాతది. జెరెమియా తలుపులు తీశాడు, జెరెమియా బండి తోశాడు, ఒక పొద్దున గంట మోగలేదు. ఒక్క మాట తేడా లేకుండా మా తాత మాకు చెప్పిన కథ అది. ఆయనా నేను అనేవాడు కాదు. ఆయనా అక్కడే ఆపి తలమీది టోపీ తీసేవాడు, అందులోంచి కొంచెం పిండి రాలేది కూడా. గంజి పోశాడంటున్నావు కదా, పోయగలిగింది ఎవరు, పొయ్యి ఉన్నవాడా, బాకా ఉన్నవాడా? నువ్వే లెక్కల టీచరువి, నువ్వే తేల్చు.

శుభలేఖ మీద మా తాత పేరు పోయినప్పుడు కొత్త పెళ్ళికూతుర్ని, నోరెత్తలేదు. ఇప్పుడు మనవలున్నదాన్ని. తెర తాడుకు రెండు కొసలుంటాయి, ఒకటి నాకు అట్టిపెట్టు.

మీ అన్నయ్య ఎవరి పక్షమో తెలియక పొద్దుటి నుంచీ పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు. శుక్లాల వల్లేనట.

ప్రిసిల్లా


సీతాఫల్‌మండి,
6 అక్టోబరు 2025

వదినా,

స్టాంపు కొనేదాకా ఆగాను. కోపం దిగలేదు. పోస్టాఫీసు దాకా నడిచి వెనక్కి వచ్చాను, మోకాలు వాచింది కానీ కోపం అలాగే ఉంది. అదే కోపంతో ఆటో ఎక్కి సమాధుల తోటకు వెళ్ళాను. మా తాత రాయి కడిగించి, దాని మీద ఏముందో ఫొటో తీసి నీ ముఖాన కొడదామని.

మా నాన్న బతికున్నంత కాలం సమాధుల పండుగకు తనే వెళ్ళి సున్నం వేసేవాడు. మమ్మల్ని రానిచ్చేవాడు కాదు, బట్టలు పాడవుతాయని. మంచాన పడ్డాక, "గేటు పక్కనే, మొదటి వరస. పేరు చూసుకో" అన్నాడు. అప్పటి నుంచీ ఏటా నవంబరు రెండున నేనే వేస్తున్నాను. సున్నం వేయడం, జెరెమియా అన్న పేరు మీద నల్లరంగు దిద్దడం, పూలు, కొవ్వొత్తులు. కింది అక్షరాలు సున్నంలో ఎప్పుడో పూడుకుపోయాయి. పేరు కనిపిస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

మొన్న పనివాడు గీకాడు. ఏళ్ళ తరబడి వేసిన సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద ఏముందో చెప్పమంటావా? "జెరెమియా. రొట్టెల బట్టీ. కార్ఖానా."

వదినా, ఇన్నేళ్ళుగా నేను మీ తాతకు సున్నం వేస్తున్నాను.

కాసేపు ఆ గట్టు మీదే కూర్చుండిపోయాను. తర్వాత గుర్తొచ్చింది. నాన్న మంచాన పడ్డ ఏడాదే రోడ్డు వెడల్పు చేసి పాత గేటు మూసేశారు, కొత్త గేటు అవతలి గోడకు పెట్టారు. గేటు పక్క వరస చివరి వరసైంది, చివరి వరస గేటు పక్కదైంది. మీ చెల్లెలు షెకీనాకు ఫోన్ చేసి, మీ తాత సమాధి ఎక్కడ అని అడిగాను. "చివరి వరస అక్కా, నాన్న చెప్పిండు" అంది. ఆ చివరి వరసకు వెళ్ళి గీకించాను. "జెరెమియా. నిజాం రైల్వే బ్యాండు" అని వచ్చింది. రాయి మీద చిన్న బాకా బొమ్మ కూడా ఉంది. మీ వాళ్ళు మా తాతను బాగానే చూసుకున్నారు, నాకన్నా సున్నం పలచగా వేశారు.

నవ్వుతున్నావు కదా. నేనూ నవ్వాను. కానీ తిరిగొస్తుంటే, రెండు వరసలకూ మధ్య వేపచెట్టు కింద పిచ్చిమొక్కల్లో ఇంకో రాయి కనిపించింది. ఎవరూ ఎప్పుడూ సున్నం వేసిన గుర్తు లేదు. అందుకే అక్షరాలు నిన్న చెక్కినంత చక్కగా ఉన్నాయి. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

"జెరెమియా. ఈ గుడి గంట కొట్టినవాడు. 1918 నవంబరులో జ్వరముచేత నిద్రించెను. అదే పేరు గల ఇద్దరు స్నేహితులు ఈ రాయి వేయించిరి."

నేను మోకాలి నొప్పితో కూర్చోలేక, లేవలేక, చెట్టు పట్టుకుని అలా నిలబడ్డాను. ఇంతకన్నా ఏమీ రాయలేను. ఇరవయ్యారున నేనేం చేయాలో నువ్వు చెప్పు. కమిటీవాళ్ళు హాలు పనుల్లో పడి సమాధి చూడ్డానికి రాలేమన్నారు, కానీ గోడకు మేకు కొట్టేశారు, విమలమ్మ నా కోసం పూలదండ ఆర్డరిచ్చేసింది.

మేబెల్


బాపట్ల,
13 అక్టోబరు 2025

మేబెల్‌కు,

నీ ఉత్తరం మీ అన్నయ్యకు మొదటిసారి ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. ఆయన కూడా మొదటిసారి మధ్యలో ఏమీ అనలేదు.

రాత్రంతా అదే ఆలోచన. మన తాతలు నేను అనకపోవడం తగ్గింపు అనుకున్నాం. వాళ్ళు నేను అనలేదు, ఎందుకంటే అది వాళ్ళు కాదు. మన తాతలు పోయేదాకా, పొద్దుపోక అడిగిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ తమ స్నేహితుడి గురించి చెప్తూ వచ్చారు. మనం ఆ పేరు విని, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి సంబరపడ్డాం. గంట మోగలేదంటే జ్వరం పోయిందనుకున్నాం. గంట కొట్టేవాడు పోయాడు మేబెల్. టోపీ తీసింది అందుకు.

నేను నీతో తాడు కొస కోసం పోట్లాడాను కదా. ఆ కొస వదిలేస్తున్నాను. నువ్వు వదలాలో లేదో నేను చెప్పను. తెర తీసేటప్పుడు ఒకరికి మనవరాలినవుతానని రాశావు, ఆ వాక్యం చదివినప్పుడు నాకు నీ మీద ఎంత ప్రేమ కలిగిందో అప్పుడు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. మా తాత మనవరాలివి కూడా నువ్వే. ఎండలో నిలబడి సున్నం వేసింది నువ్వే కదా.

ఒక్క మాట మాత్రం. ఆ పటం తీసేయొద్దు. ఆ మూడో ఆయనకు ఫొటో ఉండి ఉండదు, గంట కొట్టేవాళ్ళకు ఎవరు తీస్తారు? ముఖం మా తాతది, మీసం మీ తాతది, పేరు ఆయనది. స్నేహితుడి కథ జీవితమంతా మోసినవాళ్ళు, పటం మోయలేరా?

నీ వదిన,
ప్రిసిల్లా


సీతాఫల్‌మండి,
27 అక్టోబరు 2025

వదినా,

అయిపోయింది. ఎలా అయిందో చెప్తాను, కూర్చుని చదువు.

తెర తాడు పట్టుకున్నాను. లాగాను. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒక ముసలాయన మీసాన్ని చూసి, "అవును, ఆయనే" అన్నాడు. అప్పుడు మైకు నా ముందు పెట్టారు. రాసుకున్న కాగితం చేతిసంచిలోనే ఉంచి, నేరుగా చెప్పాను. "నేను ఈ జెరెమియా మనవరాలిని కాను. ఈ పని చేసింది మా తాత కాదు. మా తాత పేరు కూడా జెరెమియాయే, కానీ ఈ గొప్ప ఆయనది కాదు, నాది అంతకన్నా కాదు. తెలియక ఇన్నాళ్ళూ మనవరాలిననుకున్నాను, నన్ను క్షమించండి."

చెప్పి దిగబోయాను. ఎవరో ఒకరు లేచి, మరి దండ ఎందుకు వేయించుకున్నావు అంటారనుకున్నాను.

విమలమ్మ ముక్కు చీదింది. "చూసిండ్రా, ఎంత తగ్గింపో. తాత సుత గిట్లనే, ఎన్నడూ నేను అనకపోతుండె" అంది పక్కావిడతో, నాకు వినిపించేలా. అంతే, కళ్ళు తుడుచుకోవడం షురూ. అయ్యగారైతే మైకు తీసుకుని, మహాత్ముల వంశంలో వినయం రక్తంలోనే ఉంటుందని ప్రార్థన చేశారు. కాదు కాదని నేను చెయ్యి ఊపుతుంటే ఇంకా ఎక్కువ ఏడ్చారు. ఇంకో దండ తెప్పించారు.

నా జన్మలో మొదటిసారి అందరి ముందు నిజం చెప్పి, అబద్ధం చెప్పినదానికన్నా ఎక్కువ గౌరవం పొందాను. రాత్రి ఆ రెండు దండలూ కుర్చీకి వేసి చూస్తుంటే, నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. గంట కొట్టినాయన మాత్రం ఆ పిచ్చిమొక్కల్లోనే ఉన్నాడు. ఆ సంగతే మింగుడుపడటం లేదు.

మేబెల్


బాపట్ల,
30 అక్టోబరు 2025

మేబెల్,

స్పీడు పోస్టు చేస్తున్నాను, ఒకటో తారీఖుకు చేరాలి. సమాధుల పండుగకు వద్దామనుకున్నాను కానీ మీ అన్నయ్య కంటి ఆపరేషన్ రేపే. కట్టు విప్పాక మన ఉత్తరాలన్నీ సొంతంగా చదువుతానని బెదిరిస్తున్నారు.

నువ్వు నోటితో చెప్తే వినయం అనుకుంటారు. నోరు మూసుకో. షెకీనాను తోడు తీసుకెళ్ళు. పిచ్చిమొక్కలు కొట్టించండి. మన ఇద్దరి తాతలకూ సున్నం దట్టంగా వేయండి, ఎవరు ఎవరికి వేసినా ఫరవాలేదు, అలవాటైన చేతులు. ఆయన రాయికి మాత్రం సున్నం వద్దు. అక్షరాల్లో నల్లరంగు నింపు, 1918తో సహా. తర్వాత పక్కన నిలబడి ఊరికే ఉండు. నీకు అది కష్టమని తెలుసు.

ఇంకొకటి. గంట.

వదిన


సీతాఫల్‌మండి,
3 నవంబరు 2025

వదినకు, కట్టు విప్పి ఉంటే అన్నయ్యకు కూడా,

నువ్వు చెప్పినట్టే చేశాం. నిన్న సాయంత్రం తోటంతా తెల్లటి సమాధులు, బంతిపూలు, కొవ్వొత్తులు. మధ్యలో వేపచెట్టు కింద ఒక్క రాయి మాత్రం నల్లగా, కడిగి తుడిచి ఉంది. తెలుపులో ఆ ఒక్కటే ముందు కంటపడింది. ఎవరి వాళ్ళ దగ్గరికి పోతున్నవాళ్ళు కూడా ఆగి చదివారు. నేను పక్కనే నిలబడి ఊరికే ఉన్నాను. నిజంగా కష్టమే.

విమలమ్మ పైకే చదివింది. చదివి వేళ్ళ మీద లెక్కపెట్టింది. నా వైపు తిరిగింది.

"మీ నాయన ఏ యేడు పుట్టిండు మేబెలమ్మా?"

"పందొమ్మిది వందల ఇరవై అయిదు."

"పద్దెనిమిదిల పోయినాయనకు ఇరవై అయిదుల ఎట్ల పుట్టిండు?"

"మొన్న మీరంతా ముక్కులు చీదుకుంటుంటే నేను చెప్పింది అదే విమలమ్మా."

ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. ఏ విషయంలోనూ అభిప్రాయం లేకుండా ఉండలేని మనిషి. తర్వాత వాళ్ళ అమ్మ కోసం తెచ్చిన కొవ్వొత్తుల్లోంచి ఒకటి తీసి ఆ రాయి మీద వెలిగించింది. వెనకాల వచ్చినవాళ్ళూ తలా ఒకటి పెట్టారు. అయ్యగారు ఆ చివరి వాక్యం, ఇద్దరు స్నేహితుల మాట, మళ్ళీ మళ్ళీ చదివి, పటం మార్చాలా అని నన్నడిగారు. ముఖం సంగతి, మీసం సంగతి చెప్పాను. ఆయనకు నవ్వాగలేదు, సమాధుల మధ్యన నవ్వకూడదని గోడ వైపు తిరిగి నిలబడ్డారు. పటం అలాగే ఉంటుంది. కింద ఆ చివరి వాక్యం రాయించమన్నారు. ఓంప్రకాశ్‌కు చెప్తే, "ముగ్గురికీ పేరు ఒక్కటేనాయె, ఒక్క పటంల సర్దుకుంటరు తియ్యండ్రి" అన్నాడు.

దండ వేసిన రోజు నేను ఎవరికీ ఏమీ కానేమో అనిపించింది. నిన్న ఆ కొవ్వొత్తుల ముందు అలా అనిపించలేదు. షెకీనా మా తాత దగ్గర, నేను మీ తాత దగ్గర, ఇద్దరం కలిసి ఆయన దగ్గర మోకరించాం. లేవడానికి ఇద్దరికీ విమలమ్మే చెయ్యిచ్చింది.

తర్వాత గుడికి వచ్చాను. ఇప్పుడు గంట కూడా మైకులో రికార్డే కదా. పాత గంట పైనే ఉంది, తాడు గోడకు చుట్టి ఉంది. అయ్యగారిని అడిగితే వెళ్ళమన్నారు. రెండు చేతులతో లాగాను. మొదట దుమ్ము రాలింది, పావురాలు లేచాయి. తర్వాత మోగింది. వదినా, ఎంత పెద్ద గంటో, వీధంతా ఆగిపోయింది.

గేటు ముందు ఆటో ఆపి ఒకతను తల బయటపెట్టాడు.

"ఏమైందమ్మా, ఎవరు పోయిండ్రు?"

"జెరెమియా."

"అయ్యో. ఎప్పుడు?"

"1918లో."

అతను నన్ను, తాడును, పైన గంటను మార్చి మార్చి చూశాడు.

"గప్పుడు పోతే గిప్పుడు కొడ్తున్నరా?"

"ఆలస్యమైంది నాయనా," అన్నాను. "ఇంట్లోవాళ్ళకు ఇప్పుడే తెలిసింది."

అతను ఇంజన్ ఆపేసి, టోపీ లేకపోయినా తల మీద చెయ్యి పెట్టుకుని, గంట ఆగేదాకా అలాగే ఉన్నాడు.

ముగ్గురి మనవరాలు,
మేబెల్